సోలార్‌కి ఫ్యూయల్ సెల్ తోడు: గొడవ ఎక్కడ మొదలైంది?

బ్యాటరీలు ఇంత చవకయ్యాక సోలార్ ప్యానెళ్లకి ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు చేసే పరికరం) జతచేయడం దేనికన్న వాదన మళ్లీ రాజుకుంది. ఇప్పటి తగువుకి మూలం 1990ల మొదట్లోనే ఉంది.

ఈ వాదనలో ఎప్పుడూ ముందుకొచ్చే ఉదాహరణ కాలిఫోర్నియాలోని ట్రినిడాడ్. అక్కడ హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1989లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. పగలు ప్యానెళ్ల కరెంటు, మిగిలిన కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్, ఎండ లేనప్పుడు ఆ హైడ్రోజన్‌తో ఫ్యూయల్ సెల్. దాంతో సముద్ర జీవుల ల్యాబులో చేపల తొట్లకి గాలి అందించే కంప్రెసర్ నడిచింది. మంచి పనే, కాదనను. కానీ ఆ కంప్రెసర్ రాత్రీ పగలూ ఒకే తీరుగా కరెంటు తీసుకుంటుంది, అంటే ఫ్యూయల్ సెల్‌కి అసలు పరీక్షే పెట్టలేదన్నమాట.

పరీక్ష ఏమిటంటే, ఇంట్లో మోటారు స్విచ్ వేస్తారు, అదే సమయంలో మబ్బు అడ్డొస్తుంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది ఒక్కసారిగా పడిపోతుంది, ఆ లోటంతా ఫ్యూయల్ సెల్ మీద పడుతుంది. లోపలికి గాలి తోసే బ్లోయర్ వేగం అందుకోవడానికే కొన్ని సెకన్లు కావాలి, ఈలోగా ఇన్వర్టర్ (డీసీ కరెంటుని ఇంటికి కావలసిన ఏసీగా మార్చేది) ఆగదు, లాగేస్తూనే ఉంటుంది. హైడ్రోజన్ కూడా సమయానికి చాలకపోతే, ఆ సెల్‌లో చర్యని నడిపించే ప్లాటినంని పట్టుకుని ఉండే కార్బన్ తరిగిపోతుంది. 48 సెల్స్ ఉన్న స్టాక్ (వరుసగా పేర్చిన సెల్స్ కట్ట) తీసుకుంటే లోడ్ లేనప్పుడు సుమారు 45 వోల్టులు, పూర్తి లోడ్‌లో 29కి దిగుతుంది. ఆ ఊగే వోల్టేజీని చాలా రెట్లు పెంచితే తప్ప 230 వోల్టుల ఏసీ రాదు. ఇది చాలదన్నట్టు, సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ 50 హెర్ట్జ్ ఏసీ ఇస్తుంటే డీసీ వైపు 100 హెర్ట్జ్ అల తన్నుతుంది. దాన్ని మధ్యలోనే ఆపకపోతే తిన్నగా స్టాక్ మీదకే పోతుంది.

ఈ చిక్కుకి దారి 1992లోనే కనిపించింది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ కట్టిన స్వయంసమృద్ధ సోలార్ ఇంట్లో హైడ్రోజన్ ఉంది, ఫ్యూయల్ సెల్ ఉంది, వాటితో పాటు లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా ఉంది. రోజువారీ ఎగుడుదిగుళ్లు బ్యాటరీ చూసుకునేది, హైడ్రోజన్ శీతాకాలం కోసం. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. విచిత్రంగా ఆ ఇంటిని హైడ్రోజన్ కథగానే చెప్పుకున్నారు, బ్యాటరీ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు.

తర్వాత పవర్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు, అంటే ఇన్వర్టర్ లాంటి సర్క్యూట్లు చేసేవాళ్లు, రంగంలోకి దిగారు. అమెరికాలో 2001 ఫ్యూచర్ ఎనర్జీ ఛాలెంజ్ పోటీ విద్యార్థి జట్లకి ఇచ్చిన పనే 10 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ ఇన్వర్టర్‌ని చవకగా చేయడం. ఆ దశకంలోనే ప్యానెల్, ఫ్యూయల్ సెల్, బ్యాటరీ లాంటి రెండు మూడు చోట్ల నుంచి వచ్చే కరెంటుని ఒకే కన్వర్టర్‌లోకి (వోల్టేజీ మార్చే పరికరంలోకి) తీసుకునే సర్క్యూట్ల మీద పరిశోధనలు ఊపందుకున్నాయి. చివరికి తేలిందేమిటంటే, ప్యానెల్‌కి దాని గరిష్ఠ పవర్ పాయింట్ (అత్యధిక కరెంటు ఇచ్చే వోల్టేజీ) వెతుక్కునే స్వేచ్ఛ ఉండాలి, ఫ్యూయల్ సెల్ నిదానంగా పెరగాలి, మధ్యలో కుదుపుల్ని తట్టుకోవడానికి బ్యాటరీయో సూపర్ కెపాసిటరో (కొద్దిపాటి కరెంటుని చటుక్కున దాచి చటుక్కున ఇచ్చేది) ఉండాలి.

బ్యాటరీ పక్షం చెప్పే లెక్కలో తప్పేం లేదు. హైడ్రోజన్‌గా మార్చి మళ్లీ కరెంటు చేస్తే 10 యూనిట్లకి 3, 4 తిరిగి వస్తాయి, లిథియం బ్యాటరీలో 9 దాకా వస్తాయి. ఒక రాత్రి కోసమైతే ఇక మాటే లేదు. కానీ వారాల తరబడి ఎండ లేకపోతే అంత బ్యాటరీ ఎవరు పెడతారు? హైడ్రోజన్‌కైతే ట్యాంకు పెద్దది చేస్తే చాలు, స్టాక్ పెంచక్కర్లేదు. అయినా ఈసారి కూడా రెండు పక్షాలూ బ్యాటరీయా, హైడ్రోజనా అనే కొట్టుకుంటున్నాయి, నడిచే సిస్టముల్లో రెండూ పక్కపక్కనే ఉంటున్నా.