జలుబుల కాలంలో పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

చల్లగాలిలో తిరిగితే జలుబు చేస్తుందని పెద్దవాళ్లం మిమ్మల్ని తరచూ మందలిస్తుంటాం. ఆ మాటలో నిజం కొంతే. జలుబు తెచ్చేది చలి కాదు, వైరస్. ఎక్కువసార్లు అందుకు కారణమయ్యే రైనోవైరస్‌లలో నూటికి పైగా రకాలున్నాయి కాబట్టే, ఒకసారి జలుబు వచ్చి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదన్న భరోసా ఉండదు. ఫ్లూ తెచ్చేది ఇన్‌ఫ్లుయెంజా అనే వేరే వైరస్. మనుషుల్లో దాన్ని శాస్త్రవేత్తలు 1933లో గుర్తించారు. చలి పెరిగేకొద్దీ మనం తలుపులు, కిటికీలు బిగించుకొని ఒకే గదిలో చేరి, ఒకరు వదిలిన గాలినే మరొకరు పీలుస్తుంటాం. పైగా పొడిగాలిలో ఫ్లూ వైరస్ ఎక్కువసేపు బతుకుతుంది. అందుచేత పదిమంది కూర్చున్న గదిలో ఒక్క కిటికీ అయినా కొంచెం తెరిచి ఉంచమని అడగండి.

గాలి ఒక దారి అయితే, రెండో దారి మన చేతులు. అరచేయి అడ్డం పెట్టుకొని తుమ్మిన పిల్లవాడు అదే చేత్తో తలుపు గడియ తీస్తాడు. వెనకాలే వచ్చినవాడు ఆ గడియ పట్టుకొని, కాసేపటికి ఏదో ఆలోచిస్తూ ముక్కు రుద్దుకుంటాడు. చర్మం బాగా ఉంటే ఈ వైరస్‌లు దాని గుండా లోపలికి పోలేవు, వాటికి కన్నో ముక్కో నోరో కావాలి. అక్కడిదాకా వాటిని మోసుకెళ్లేది మన వేలే. ఒక పూట మిమ్మల్ని మీరే గమనించుకోండి: ఎన్నిసార్లు కళ్లు నులుముకున్నారో, ఎన్నిసార్లు గోళ్లు కొరికారో. ఈ అలవాటు మానడం చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు, కాబట్టి చేతులనైనా శుభ్రంగా ఉంచుకోవాలి.

సబ్బు చేసే పని తెలిస్తే చేతులు కడుక్కోవడం మీద మీకు గురి కుదురుతుంది. ఫ్లూ వైరస్ చుట్టూ సన్నని కొవ్వు పొర ఉంటుంది; సబ్బు ఆ పొరను చీల్చేయగానే వైరస్ పనికిరాకుండా పోతుంది. రైనోవైరస్‌కు అలాంటి పొర లేదు కాబట్టి, రుద్ది రుద్ది చర్మం నుంచి దాన్ని వదలగొట్టి నీళ్లతో సాగనంపవలసిందే. అందుకే కనీసం 20 సెకన్లు రుద్దమంటారు. అరచేతులు అందరూ రుద్దుతారు. బొటనవేళ్లు, గోళ్ల కింద, వేళ్ల సందులు మాత్రం చాలామంది వదిలేస్తారు. కడిగాక పొడిగా తుడుచుకోండి, ఎందుకంటే తడి చేతికి క్రిములు సులువుగా అంటుకుంటాయి. సబ్బు, నీళ్లు దొరకని చోట శానిటైజర్ వాడవచ్చు గానీ, అది వాటికి సాటి రాదు.

దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు మోచేతి ఒంపును అడ్డం పెట్టుకోండి, ఆ ఒంపుతో మనం గడియలు తీయం కదా. ముక్కు చీదిన కాగితాన్ని జేబులో దాచకుండా వెంటనే చెత్తబుట్టలో వేయండి.

జ్వరం వచ్చిన రోజున ఇంట్లోనే ఉండండి. ఒక్కరోజు కూడా మానకుండా బడికి వచ్చినవాళ్లకు బహుమతులివ్వడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఫ్లూ సోకినవాళ్లు లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచే ఇతరులకు దాన్ని అంటించగలరు, ఆ తర్వాత అయిదారు రోజుల వరకూ అంటిస్తూనే ఉంటారు. జ్వరం మాత్ర వేసుకోకుండానే 24 గంటలపాటు జ్వరం లేకపోతే, ఒంట్లో కూడా నెమ్మదించాక, బడికి వెళ్లవచ్చు.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని శరీరం వైరస్‌లతో గట్టిగా పోరాడలేదు. ఫ్లూ వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి దాని టీకాను ఏటా వేయించుకోవాలి, వేయించుకున్నాక రక్షణ ఏర్పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. యాంటీబయాటిక్ మందులు బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి, వైరస్ మీద పనిచేయవు, అందువల్ల మామూలు జలుబుకు వాటిని అడగనక్కరలేదు. ఆస్పిరిన్ మాత్రను మాత్రం డాక్టరు చెప్పకుండా పిల్లలెవరూ వేసుకోకూడదు, ఫ్లూ ఉన్నప్పుడు అది అరుదుగానైనా ప్రాణం మీదికి తెస్తుంది.

జలుబు చాలావరకు వారం, పది రోజుల్లో దానంతట అదే పోతుంది. అయితే ఊపిరి తీసుకోవడం కష్టమైనా, పెదవులు నీలంగా మారినా, నీళ్లు కూడా తాగలేకపోయినా, తగ్గిన జ్వరం తిరగబెట్టి దగ్గు ముదిరినా, తెల్లవారేదాకా ఆగకుండా అర్ధరాత్రయినా సరే పెద్దవాళ్లను నిద్ర లేపండి.

ఇట్లు,
మీ తాతయ్య