అడ్రినలిన్ ఆంపుల్ మీద ఆ సున్నాల గొడవ ఎక్కడ మొదలైంది?

తేనెటీగలు కుట్టో, ఏదో మందు పడకో ఒంటినిండా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుపోయి, బీపీ పడిపోయిన మనిషిని అంబులెన్స్ ఎక్కించారనుకోండి. మన దగ్గర జనం ‘రియాక్షన్ వచ్చింది’ అంటారు. అప్పుడు కాపాడేది అడ్రినలిన్. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటివైపు కండలోకి. గుండె ఆగిపోయిన మనిషికీ ఇదే మందు, కానీ 1 మిల్లీగ్రాము, బాగా పలచన చేసి, నరంలోకి.

ఈ రెండూ తారుమారైతే, అంటే గుండె కొట్టుకుంటున్న మనిషికి ఆ పెద్ద డోసు ఒక్కసారిగా నరంలోకి పోతే, బీపీ పైకి ఎగిసిపోతుంది, గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో, అనుభవమున్న డాక్టర్ల చేతుల్లో కూడా జరిగిన పొరపాటే ఇది. తప్పంతా సిరంజి పట్టుకున్నవాళ్ల మీద వేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే దీని మూలం లేబుల్‌లోనే ఉంది.

జపాన్ నుంచి అమెరికా వెళ్లిన జోకిచి టకామినే 1900-01లో ఈ పదార్థాన్ని శుద్ధంగా వేరు చేశాక, పార్క్-డేవిస్ కంపెనీ దాన్ని 1:1000 ద్రావణంగా అమ్మింది. అంటే 1000 మిల్లీలీటర్లలో 1 గ్రాము, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము. నరంలోకి ఇచ్చేది 1:10,000, దానికి పదో వంతు బలం. చిక్కంతా ఇక్కడే. సున్నాలు పెరిగితే మందు పలచబడుతుంది, కానీ రాత్రి 2 గంటలకు, పక్కన ఇంటివాళ్లు ఏడుస్తుంటే, కంగారులో ఉన్న మనసు పెద్ద అంకె కనిపిస్తే బలం ఎక్కువనుకుంటుంది! పైగా ‘అడ్రినలిన్’ ఆ కంపెనీ వ్యాపార నామం కావడంతో అమెరికన్లు ఎపినెఫ్రిన్ అనే పేరు వాడారు. అక్కడి పుస్తకం చదివి ఇక్కడి ఆంపుల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి) చూసే మన పిల్లలకు అదొక టెన్షన్.

ఇంజెక్షన్‌లో ఇదొక్కటే మందు ఉంటే లేబుల్ మీద ఈ నిష్పత్తి రాయకూడదని, మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాయాలని అమెరికాలో నిబంధన వచ్చేసరికి 2016 మే అయింది. అంటే వందేళ్లు దాటాకే.

ఇక మన సంగతి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యాక, దారిలోనే మందు ఇవ్వడం ఈఎంటీల (అంబులెన్స్‌లో ఉండే అత్యవసర వైద్య సిబ్బంది) పని అయింది, ఫోన్‌లో డాక్టరు సలహాతో. మన దగ్గర మామూలుగా దొరికేది 1 మిల్లీలీటరు ఆంపుల్, అందులో 1 మిల్లీగ్రాము. పలచన మందు కావాలంటే దానికి 9 మిల్లీలీటర్ల సెలైన్ కలిపి 10 చేయాలి, అదీ కదులుతున్న బండిలో. కొన్ని ఆంపుల్స్ మీద అడ్రినలిన్ బైటార్ట్రేట్ 1.8 మిల్లీగ్రాములు అని కూడా ఉంటుంది. అది లవణం బరువు, అసలు మందు 1 మిల్లీగ్రామే. ఒక్క ఆంపుల్‌కి ఇన్ని అంకెలా?

అందుకే ఫోన్‌లో ‘సగం ఇవ్వు’, ‘ఒక ఆంపుల్ వెయ్యి’ లాంటి మాటలు చెల్లకూడదు. ఎన్ని మిల్లీగ్రాములు, కండలోకా నరంలోకా, రెండూ డాక్టరు చెప్పాలి, ఈఎంటీ గట్టిగా తిరిగి చెప్పాలి, అవతలి నుంచి ‘అవును’ వినిపించాకే సూది కదలాలి. కలిపిన సిరంజి మీద వెంటనే టేపు అంటించి పేరు, బలం రాయాలి. సిరంజిలోకి ఎక్కాక అడ్రినలిన్ కూడా సెలైన్‌లా నీళ్లలాగే కనిపిస్తుంది. పేరు రాయని సిరంజి ట్రేలో దొరికితే, అందులో ఏముందో ఎంత నమ్మకంగా గుర్తున్నా సరే, పారేసి కొత్తది తీయాలి.