సోమాలియాలో సాయం పని: అపోహలు - వాస్తవాలు

సెలవులకు ఊరొచ్చినప్పుడల్లా మా బాబాయి అడిగే ప్రశ్న ఒకటే. "ఏరా, అక్కడ ఇంకా బస్తాలు పంచుతూనే ఉన్నారా?" ఆయనకు సోమాలియా అంటే 1992లో టీవీలో చూసిన బొమ్మే. ఎముకల గూడు లాంటి పిల్లాడు, లారీ, పొడుగాటి క్యూ.

నేను కొన్నేళ్లుగా నైరోబీలో ఉంటున్నాను. సోమాలీలే పెట్టుకుని, సోమాలీలే నడుపుకునే ఒక చిన్న సంస్థకు లెక్కలు, పర్యవేక్షణ చూస్తాను. నెలలో కొన్ని రోజులు సోమాలియా రాజధాని మొగదిషులోనో బైదోవాలోనో గడుస్తాయి. పెద్ద హోదా ఏం కాదు. డబ్బు ఎవరి పేరున బయల్దేరింది, చివరికి ఎవరి చేతిలో పడింది అని చూసే గుమాస్తా పని. ఆ కుర్చీలోంచి కనిపించినంతే రాస్తున్నాను.

అపోహ: అదంతా ఎడారి. పంట పండదు, అందుకే జనం చచ్చిపోతారు.

దక్షిణ సోమాలియాలో జుబ్బా, షబెల్లె అని రెండు నదులున్నాయి. రెండూ ఇథియోపియా కొండల్లోంచి దిగుతాయి. షబెల్లె ఒడ్డున పండిన అరటి ఒకప్పుడు ఓడలెక్కి ఇటలీకి వెళ్లేది. బైదోవా చుట్టూ ఉన్న బే ప్రాంతం జొన్నలకు పెట్టింది పేరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కురిసే వానలను 'గూ' అంటారు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కురిసేవి 'దేర్'. 2020 చివర మొదలుకుని వరుసగా ఐదు వానాకాలాలు తప్పాయి. అలాంటప్పుడు ఎంత మంచి నేలైనా ఏం చేస్తుంది? రాయలసీమ వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ వాన తప్పితే కరువు వస్తుంది. కరువు క్షామంగా, అంటే ఊళ్లకు ఊళ్లు ఆకలిచావులుగా మారాలంటే మనుషుల చెయ్యి కూడా పడాలి. 2011 జులై 20న ఐక్యరాజ్యసమితి ముందుగా ఎక్కడ క్షామం ప్రకటించిందో చూడండి: దక్షిణ బకూల్, దిగువ షబెల్లె. రెండోది నది ఒడ్డున ఉన్న పంట నేల! అప్పట్లో అక్కడ ఇస్లామిక్ తీవ్రవాదుల గుంపు అల్‌షబాబ్‌ది పెత్తనం. చాలా సంస్థలను తరిమేసింది. ఇటువైపు చూస్తే, ఆ గుంపు చేతికి పైసా చేరినా కేసులు మెడకు చుట్టుకుంటాయని అమెరికా ఆంక్షలకు జడిసి దాతలు వెనక్కి తగ్గారు. ఈ రెండింటి మధ్య నలిగింది ఎక్కువగా రహన్‌వేన్ తెగ రైతులు, సోమాలీ బంటూ వర్గం కూలీలు. 2010 అక్టోబర్ నుంచి 2012 ఏప్రిల్ వరకు మామూలుగా జరిగే మరణాలకు పైన 2,58,000 మంది పోయారని తర్వాత లెక్కతేలింది. అందులో సగానికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు.

పోయినవాళ్లు ఏ తెగవాళ్లు అన్నది ఎందుకు చెప్పానో కింద వస్తుంది.

అపోహ: క్షామం ప్రకటించలేదంటే పరిస్థితి అంత దిగజారలేదన్నమాట.

ఆ ప్రకటనకు మూడు కొలతలున్నాయి. నూటికి 20 ఇళ్లలో తిండికి ఘోరమైన కొరత ఉండాలి. నూటికి 30 మంది పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం ఉండాలి. రోజుకు ప్రతి 10,000 మందిలో ఇద్దరు చనిపోతూ ఉండాలి. మూడో కొలత మళ్లీ ఒకసారి చదవండి. అంటే చావులు లెక్కకు అందాకే ఆ మాట బయటికొస్తుంది. 2022లో సోమాలియాలో క్షామం ప్రకటించలేదు. ఆ ఒక్క ఏడాదే కరువు వల్ల 43,000 మంది అదనంగా చనిపోయి ఉంటారని అంచనా.

అపోహ: సాయం అంటే బియ్యం బస్తా, నూనె డబ్బా.

బాబాయి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. బస్తాలు ఇంకా ఉన్నాయిగానీ, మా సంస్థ పంచేది ఎక్కువగా ఫోన్‌లో వేసే డబ్బే. సోమాలియాలో మొబైల్ మనీ మన ఫోన్‌పే కన్నా ముందే వచ్చింది. ఉత్తరాన ఉన్న సోమాలీలాండ్‌లో 'జాద్' 2009లో మొదలైంది. దక్షిణాన 'ఈవీసీ ప్లస్' 2011లో వచ్చింది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. పాత బటన్ ఫోన్‌లో స్టార్, హ్యాష్ నొక్కితే చాలు. టీ అమ్మే ఆవిడ కూడా డాలర్లలోనే తీసుకుంటుంది, అదీ ఫోన్‌లోనే. మొదటిసారి వెళ్లినప్పుడు నేను నోట్లు తీస్తే ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

కొట్లో సరుకు ఉన్నప్పుడు డబ్బే మేలు. ఎవరికి ఏం కావాలో వాళ్లే కొనుక్కుంటారు. ఒకరికి మందులు, ఇంకొకరికి పిల్లాడి బడి ఫీజు, మరొకరికి పొద్దున్నే 'అంజేరో' పోసుకోడానికి పిండి. (అంజేరో అంటే మన పులిసిన పిండి అట్టే అనుకోండి. ఒకవైపే కాలుస్తారు, పైన చిన్న చిన్న బొక్కలు పడతాయి. అల్లప్పచ్చడి లేని లోటు మాత్రం తీరదు.) కొట్లోనే సరుకు లేకపోతే ఫోన్‌లో డబ్బుండి ఏం లాభం? దారులు మూసుకుపోయిన ఊళ్లలో మళ్లీ బస్తాలే దిక్కు.

బాగా చిక్కిపోయిన పిల్లల సంగతి వేరే. డబ్బు, బియ్యం రెండూ వాళ్లకు చాలవు. జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల లోపుంటే అది ప్రాణం మీదికొచ్చినట్టే. అలాంటి పిల్లలకు 92 గ్రాముల పల్లీ పేస్టు ప్యాకెట్లు ఇస్తారు. ఒక్కో దాంట్లో 500 కేలరీలు ఉంటాయి. జ్వరమో విరేచనాలో ఉంటే, అసలు ఆకలే లేకపోతే, దాన్ని కూడా ఇంట్లో పెట్టకుండా ముందు ఆసుపత్రిలో చేర్చాలి. "పాపం ఆకలితో ఉన్నాడు, కడుపునిండా పెట్టండి" అనడం ప్రేమే గానీ వైద్యం కాదు.

అపోహ: హవాలా అంటే నల్లడబ్బు.

మన పేపర్లలో ఆ మాట కనబడితే పక్కనే 'ముఠా' అనో 'గుట్టురట్టు' అనో ఉంటుంది. సోమాలియాలో 'హవాలాద్' అంటే వీధిలో ఉండే బ్యాంకు. 1991లో నియంత సియాద్ బారె ప్రభుత్వం కూలాక బ్యాంకులూ కూలాయి. అమెరికాలో మినియాపొలిస్‌లో టాక్సీ నడిపే కొడుకు, లండన్‌లో నర్సు పని చేసే కూతురు పంపే డబ్బు ఈ దారినే ఇల్లు చేరుతుంది. ఏటా వంద కోట్ల డాలర్లు దాటే మొత్తం అది. 2001 నవంబర్‌లో అల్ బరకాత్ అనే పెద్ద హవాలా కంపెనీని ఉగ్రవాదం పేరుతో అమెరికా మూయించినప్పుడు, ఏ పాపం ఎరగని ఇళ్లలో పొయ్యి ఆరిపోయింది. కరువులో మొదట ఆదుకునేది మేం కాదు. అన్న, మేనత్త, మసీదులో పోగైన జకాత్, వీధి చివర అప్పు రాసుకునే కొట్టతను. మేం చేరేసరికి వాళ్లంతా తమ వంతు చేసి అలిసిపోయి ఉంటారు. విదేశాల్లో చుట్టాలు లేని కుటుంబం ఎవరిది అన్నదే మాకు అసలు ప్రశ్న. రహన్‌వేన్‌లకు, బంటూలకు విదేశాల్లో ఉన్నవాళ్లు తక్కువ. 2011లో వాళ్లే ఎక్కువగా పోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

అపోహ: స్థానిక సంస్థ కాబట్టి అందరికీ న్యాయంగా అందుతుంది.

ఇది మా సంస్థకు నచ్చని మాటే, అయినా చెప్పాలి. "సోమాలీలందరిదీ ఒకే భాష, ఒకే మతం, ఇంక తేడాలేముంటాయి" అని బయటివాళ్లు అనుకుంటారు. 2000లో జిబూటిలోని ఆర్తాలో కుదిరిన అధికార పంపకానికి '4.5 సూత్రం' అని పేరు. నాలుగు పెద్ద తెగలకు తలా ఒక వాటా, మిగిలిన చిన్న తెగలన్నిటికీ కలిపి అర వాటా. తెగను బట్టి మనిషిని తక్కువగా లెక్కగట్టడం పార్లమెంటులోనే ఉంటే, నిర్వాసితుల శిబిరంలో పేర్లు రాసే పుస్తకంలో ఉండదా? భాష కూడా ఒకటి కాదు. బే, దిగువ షబెల్లె వైపు మాట్లాడేది 'మాయ్'. రేడియోలో వినిపించే 'మహా' సోమాలీ మాత్రమే వచ్చినవాళ్లకు అది సరిగా అర్థం కాదు.

మొగదిషు అంచున దైనీలె, కహ్దా వైపు శిబిరాల్లో ఒక ఏడాది మా ఫిర్యాదుల ఫోన్‌కు కాల్స్ దాదాపు సున్నా. నేను సంబరపడి రిపోర్టులో గొప్పగా రాశాను. ఫీల్డులో పనిచేసే మా సహోద్యోగి ఒకావిడ అది చదివి నవ్వేసింది. "ఫిర్యాదు లేదంటే అంతా బాగుందని కాదు. ఫోన్ ఎత్తేది ఎవరో వాళ్లకు తెలుసని." నిజమే. ఫోన్ ఎత్తే ఇద్దరు కుర్రాళ్లదీ ఆ ప్రాంతంలో బలమైన తెగే, ఇద్దరికీ మాయ్ రాదు. శిబిరంలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది మాయ్ మాట్లాడేవాళ్లే. ఒకరిని మార్చి, మాయ్ వచ్చిన ఒకమ్మాయిని కూర్చోబెట్టాం. నెల తిరక్కుండానే ఫోన్ ఆగకుండా మోగడం మొదలైంది. పేరు రాయలేదు, రాశారుగానీ డబ్బు రాలేదు, వచ్చిందిగానీ సిమ్ వేరేవాళ్ల దగ్గరుంది. ఇప్పుడు దాతల ఆఫీసుకు టెన్షన్: "ఫిర్యాదులు ఇంతగా పెరిగాయేంటి, ఏదో తేడా జరుగుతోందా?" జరిగిన తేడా మంచిదేనని నచ్చచెప్పడానికి నాకు మూడు ఈమెయిళ్లు, ఒక రాత్రి నిద్ర ఖర్చయ్యాయి.

ఏ బావి ఎవరిదో, ఎవరికి ఎవరికి పడదో, ఏ దారిన ఏ పొద్దులో వెళ్లకూడదో స్థానికులకు తెలుసు. బయటివాడికి పదేళ్లైనా తెలియదు. ఆ తెలిసిన మనిషికే బావమరిది కూడా ఉంటాడు. రెండూ కలిపే వస్తాయి.

అపోహ: సగం డబ్బు మధ్యలోనే తినేస్తారు, పంపడం దండగ.

మధ్యలో తినేవాళ్లున్నారు. దాచను. మొగదిషులో వాళ్లకు 'ముకులాల్ మదో' అని పేరు, అంటే నల్లపిల్లి. ఖాళీ స్థలం చూపించి నిర్వాసితులను దింపుతారు. నీళ్లు, కాపలా, గొడవలు తీర్చడం వాళ్లే చూసుకుంటారు. బదులుగా వచ్చిన సాయంలో వాటా గుంజుతారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు. 2023లో ఐక్యరాజ్యసమితి తన విచారణలోనే ఈ మళ్లింపు విస్తృతంగా ఉందని, కొన్నిచోట్ల వచ్చిన డబ్బులో సగం దాకా కక్కిస్తున్నారని తేల్చింది. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్, సమితికే చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమానికి సోమాలియాలో ఇచ్చే నిధులు కొంతకాలం ఆపింది. ఆ విచారణ ప్రకారం వాటా తిన్నవాళ్లలో స్థలాల యజమానులు, స్థానిక అధికారులు, భద్రతా దళాలవాళ్లే కాదు, సాయం సంస్థల మనుషులూ ఉన్నారు.

కానీ నల్లపిల్లిని వెళ్లగొడితే ఆ జనం ఎక్కడ ఉండాలి? స్థలం అతనిది. అతను పొమ్మంటే తెల్లారేసరికి గుడిసెలు నేలమట్టం. అందుకని మేం చేసేది చిన్నది. డబ్బు పడ్డ రెండు వారాలకు, చెప్పకుండా, వేరే మనుషులను ఇళ్లకు పంపి "ఫోన్ చూపించమ్మా, పిన్ నీకు తెలుసా?" అని అడిగిస్తాం. పిన్ తెలియదంటే ఆ సిమ్ ఆమెది కాదన్నట్టే. స్థలం అద్దె ఎంతో ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోవడం కూడా కొన్నిచోట్ల పనిచేసింది.

పనివాళ్ల జీతాలకు, ఆడిట్‌కు పోయేది కూడా 'తినేయడం' కిందే జమకడతారు చాలామంది. ఈ ఇంటింటి తనిఖీ అంతా ఆ డబ్బుతోనే జరుగుతుందండీ. 2016లో ఇస్తాంబుల్‌లో పెద్ద దాతలంతా నిధుల్లో 25 శాతం స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా ఇస్తామని ఒప్పుకున్నారు. దానికి 2020 గడువు. గడువు పోయింది, మాట నిలబడలేదు. 2025లో అమెరికా తన విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు మొదట తెగింది మాలాంటి చిన్న కాంట్రాక్టులే.

అపోహ: పాత బట్టలు పంపితే పుణ్యం.

పోయినసారి మా పిన్ని ఒక సూట్‌కేస్ నిండా చీరలు సర్దింది. "గుంతీనో అని వాళ్లూ చుట్టుకుంటారటగా" అంది. నిజమే, గుంతీనో ఒంటికి చుట్టుకునే బట్టే. మోసుకెళ్లాను. శిబిరంలో గుడిసెను 'బూల్' అంటారు. కొమ్మలు వంచి కట్టి, దొరికిన గుడ్డా ప్లాస్టిక్కూ పైన కప్పుతారు. మర్నాడు వెళ్లేసరికి పిన్ని వెంకటగిరి చీర ఒక బూల్ పైకప్పు మీద ఉంది. ఆ ఇంటావిడ నన్ను పిలిచి, అంచు పట్టుకుని చూపించి అంది: "బట్ట బాగుంది. దీనికి వాన ఆగదు. ఈసారి టార్పాలిన్ తీసుకురా."