వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికా ప్రభుత్వం ఒకప్పుడు క్యాన్సర్ వైరస్‌ను పట్టుకోవాలని కోట్ల డాలర్లు కుమ్మరించి, చివరికి వట్టి చేతులతో మిగిలిందని ఎక్కడో చదివామని రాశారు. ఆ డబ్బంతా దండగేనా అని కూడా అడిగారు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు చేతకాదు. కథ కొంచెం పొడవైనది, ఓపిక పట్టండి.

ముందు ఒక భయం తీర్చేస్తాను. క్యాన్సర్ జలుబులా అంటుకునే జబ్బు కాదు. రోగి పక్కన కూర్చుంటేనో, కలిసి భోంచేస్తేనో రాదు. కొన్ని వైరస్‌లు మాత్రం ఒంట్లో చేరి ఏళ్ళ తరబడి తిష్ఠవేస్తాయి. అలా చేరిన వారిలోనూ కొందరికే అది చివరకు క్యాన్సర్‌గా మారుతుంది. అంటుకునేది వైరస్, క్యాన్సర్ కాదు.

ఈ సంగతికి తొలి ఆధారం కోళ్ళలో దొరికింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్ అనే శాస్త్రవేత్త ఒక కోడికి వచ్చిన గడ్డను నూరి, బాక్టీరియా కూడా దూరలేనంత సన్నని వడపోతగుండా పంపించారు. ఆ ద్రవాన్ని వేరే కోళ్ళకు ఎక్కిస్తే వాటికీ గడ్డలు లేచాయి. ఆ ఫలితం 1911లో ప్రచురించారు. కోళ్ళ సంగతి మనుషులకెందుకని చాలామంది పట్టించుకోలేదు. ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చింది 1966లో, ఆయనకు 87 ఏళ్ళ వయసులో!

1951లో లుడ్విక్ గ్రాస్ అనే వైద్యుడు, మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే ఆసుపత్రిలో పనిచేస్తూ, ఎలుకల్లో రక్త క్యాన్సర్ వైరస్ వల్ల వస్తుందని చూపించారు. ఆయన మాటనూ మొదట నమ్మలేదు. తర్వాత సారా స్టివర్ట్, బెర్నిస్ ఎడ్డీ అనే ఇద్దరు మహిళలు ప్రభుత్వ ప్రయోగశాలల్లో పాలియోమా అనే వైరస్ మీద పనిచేసి, అది ఎలుకల్లో, హామ్‌స్టర్లనే ఎలుకలాంటి చిన్న జంతువుల్లో రకరకాల గడ్డలు పుట్టిస్తుందని నిరూపించారు. ఎడ్డీ గురించి ఇంకో మాట చెప్పాలి. పోలియో టీకా తయారీకి వాడే కోతి మూత్రపిండాల కణాలలోని ఏదో పదార్థం హామ్‌స్టర్లలో గడ్డలు తెస్తోందని ఆమె గమనించి హెచ్చరించారు. మెచ్చుకోవడం మాని, పైఅధికారులు ఆమెకు ఆ పని లేకుండా చేశారు. ఆమె చూసింది ఎస్‌వీ-40 అనే కోతి వైరస్ అని తర్వాత తేలింది. అది మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువు కాలేదు, కానీ ఆమెను అలా పక్కనపెట్టడం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే విషయం.

అప్పటి వాతావరణం ఎలాంటిదో ఊహించుకోండి. 1955లో పోలియో టీకా వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌కూ అలాంటి టీకా ఒకటి వస్తే బాగుండునన్న ఆశ సహజమే కదా? పైగా ఇల్లినాయ్ రాష్ట్రంలోని నైల్స్ అనే ఊరిలో 1957-60 మధ్య 8 మంది పిల్లలకు రక్త క్యాన్సర్ వచ్చింది, వారిలో చాలా కుటుంబాలకు ఒకే బడితో సంబంధం ఉంది. దాంతో అంటువ్యాధేమోనన్న అనుమానం ఇంకా బలపడింది. 1964లో అమెరికా కాంగ్రెస్ ఈ వేట కోసం జాతీయ క్యాన్సర్ సంస్థకు కోటి డాలర్లు కేటాయించింది. రక్త క్యాన్సర్ మీద మొదలైన ఆ ప్రత్యేక కార్యక్రమం కొన్నేళ్ళకే అన్ని క్యాన్సర్లకూ విస్తరించింది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. దీన్ని క్షిపణులు, రాకెట్లు తయారుచేసే పద్ధతిలో నడపాలనుకున్నారు. ముందు వైరస్‌ను కనుక్కోవాలి, తర్వాత రుజువు చేయాలి, ఆపైన టీకా తయారుచేయాలి అంటూ అంచెలంచెలుగా పథకాలు గీశారు. రాకెట్ విషయంలో చంద్రుడు ఎక్కడున్నాడో ముందే తెలుసు. ఇక్కడ వెతికే వస్తువు ఉందో లేదో కూడా తెలియదు! 1971లో అధ్యక్షుడు నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టంపై సంతకం చేశాక డబ్బు మరింత పెరిగింది. అంతకు ముందు జీవాయుధాలపై పరిశోధన జరిగిన ఫోర్ట్ డెట్రిక్‌లోని ప్రయోగశాలలను కూడా అదే ఏడాది క్యాన్సర్ పరిశోధనకు మళ్ళించారు.

మనిషి క్యాన్సర్ వైరస్ దొరికిందన్న కబుర్లు వరుసగా వచ్చాయి, వరుసగా వీగిపోయాయి. 1972లో ఆర్‌డీ-114 అనే వైరస్ గురించి పెద్ద చర్చ జరిగింది. మనిషి గడ్డలోని కణాలను పిల్లికూన కడుపులో ఉండగానే దానిలోకి ఎక్కించి పెంచితే, అందులోంచి వచ్చిన వైరస్ అది. తీరా పరీక్షించి చూస్తే అది పిల్లుల జన్యువుల్లో తరతరాలుగా దాగి ఉన్న వైరస్సే. మనిషికి దానితో సంబంధమే లేదు.

డబ్బు పంచే తీరు మీద కూడా విమర్శలు వచ్చాయి. నార్టన్ జిండర్ అనే జీవశాస్త్రవేత్త అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1974లో నివేదిక ఇస్తూ కాంట్రాక్టుల పద్ధతిని తప్పుపట్టింది. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేవాళ్ళూ, అందుకునేవాళ్ళూ ఒకే చిన్న గుంపు కావడం, బయటి నిపుణుల పరిశీలన సరిగా లేకపోవడం దాని ప్రధాన ఫిర్యాదు. నా మటుకు ఆ విమర్శ నూటికి నూరుపాళ్ళూ సబబు. 1970లు ముగిసేసరికి ఆ కార్యక్రమం విడిగా లేకుండా పోయింది.

దండగ అన్నవాళ్ళు కథను ఇక్కడితో ఆపేస్తారు. నేను ఆపను.

మన జన్యువులు రాసి ఉండేది డీఎన్ఏ అనే పదార్థంలో, దాని నకలులాంటిది ఆర్ఎన్ఏ. రౌస్ కనిపెట్టిన కోడి వైరస్‌లో ఉండేది ఆర్ఎన్ఏ. మామూలుగా డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారవుతుంది. హవర్డ్ టెమిన్ అనే శాస్త్రవేత్త మాత్రం ఈ వైరస్ వెనక్కి నడుస్తుందని, తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసుకుని కణం జన్యువుల్లో కలిసిపోతుందని 1960లలోనే వాదించారు. దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. 1970లో టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ అనే మరో శాస్త్రవేత్త విడివిడిగా ఆ పని చేసే ఎంజైమ్‌ను, అంటే కణంలో రసాయన పనులు జరిపించే ప్రోటీన్‌ను, చూపించారు. దాన్నే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అంటారు. బాల్టిమోర్ వాడిన ఎలుక వైరస్‌ను ఆయనకు అందించింది ఈ కార్యక్రమంలో పనిచేసేవాళ్ళే. 1983లో పారిస్ శాస్త్రవేత్తలు ఎయిడ్స్ వైరస్‌ను పసిగట్టింది ఈ ఎంజైమ్ జాడ పట్టుకునే. కోవిడ్ రోజుల్లో చేసిన ఆర్టీ-పీసీఆర్ పరీక్ష కూడా ఈ ఎంజైమ్ సాయంతోనే జరుగుతుంది.

ఈ వేటలో దక్కిన రెండో లాభం ఇంకా ఆశ్చర్యకరం. ఆ కోడి వైరస్‌లో క్యాన్సర్ తెచ్చే జన్యువు ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్, వారి సహచరులు దాని మూలం వెతికితే, అది ఆరోగ్యంగా ఉన్న కోళ్ళ కణాల్లోనే కనిపించింది. 1976లో ఆ సంగతి ప్రకటించారు. వైరస్ ఎప్పుడో దాన్ని కోడి నుంచే ఎత్తుకుపోయిందన్నమాట. అలాంటి జన్యువులు మనలోనూ ఉన్నాయి. కణం ఎప్పుడు పెరగాలో చెప్పడం వాటి పని. అవి దెబ్బతిని అదుపు తప్పితే క్యాన్సర్. బయటి దొంగ కోసం వెతకగా వెతకగా ఇంట్లోని తాళంచెవుల గుత్తి బయటపడింది. పొగాకు వల్లనో, వయసు వల్లనో వచ్చే క్యాన్సర్లను అర్థం చేసుకోవడానికి కూడా ఆ గుత్తే పనికొచ్చింది.

ఒక పుకారు గురించి హెచ్చరించాలి. ఎయిడ్స్ వైరస్‌ను ఈ కార్యక్రమంలోనే తయారుచేశారని కొందరు ప్రచారం చేస్తారు. 1959లో ఆఫ్రికాలోని ఇప్పటి కిన్షాసా నగరంలో తీసి దాచిన రక్తంలోనే ఆ వైరస్ ఉంది. అప్పటికి ఈ కార్యక్రమమే పుట్టలేదు!

మరి మనుషుల క్యాన్సర్ వైరస్‌లు లేవా అంటే, ఉన్నాయి. ఎక్కువగా వేరే దారుల్లో దొరికాయి. హెపటైటిస్-బి వైరస్, బరూక్ బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త మనుషుల రక్తంలోని తేడాలను పరిశీలిస్తుండగా బయటపడింది. తైవాన్‌లో 22,707 మంది ప్రభుత్వోద్యోగులను ఏళ్ళ తరబడి గమనించి, కాలేయ క్యాన్సర్‌కు దానితో ఉన్న సంబంధాన్ని 1981లో స్పష్టంగా చూపించారు. 1984లో ఆ దేశం పసిపిల్లలకు టీకా వేయడం మొదలుపెట్టాక పిల్లల్లో ఆ క్యాన్సర్ తగ్గిపోయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పాపిలోమా వైరస్‌లు కారణమని జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ తేల్చారు. దానికి టీకా 2006లో వచ్చింది. దాని వెనుక ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల పనితోపాటు, జాతీయ క్యాన్సర్ సంస్థలోనే డగ్లస్ లోవీ, జాన్ షిల్లర్ చేసిన పని ఉంది. అదే సంస్థలో రాబర్ట్ గాలో బృందం 1980లో అరుదైన ఒక రక్త క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్‌ను ప్రకటించింది. అంటే వెతికినచోట కూడా చివరికి ఒకటి దొరికింది, కార్యక్రమం ముగిసిపోయాక!

అన్నిటికన్నా ముందు దొరికింది ఎప్‌స్టీన్-బార్ వైరస్. ఉగాండా నుంచి డెనిస్ బర్కిట్ అనే వైద్యుడు పంపిన పిల్లల గడ్డల కణాల్లో లండన్‌లోని ఎప్‌స్టీన్ అనే శాస్త్రవేత్త బృందం 1964లో దాన్ని చూసింది. అదే ఏడాది వాషింగ్టన్‌లో కోటి డాలర్లు మంజూరయ్యాయి. ఎప్‌స్టీన్ తన సహాయకులను పెట్టుకున్నది కూడా అదే జాతీయ క్యాన్సర్ సంస్థ ఇచ్చిన చిన్న గ్రాంటుతోనే. ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ ఉంటుంది. క్యాన్సర్ వచ్చేది మాత్రం బహు కొద్దిమందికి. ఎందుకు కొందరికే అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. దానికి టీకా కూడా ఇంకా వాడుకలోకి రాలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2022లో ఒక టీకాను మనుషులపై పరీక్షించడం మొదలుపెట్టాయి.

ఇట్లు,
మీ అమ్మమ్మ