జ్ఞానదంతం సగమే తీశారు, వేర్లు వదిలేశారు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకే వారంలో ముగ్గురు ఓపీజీ (రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే) కవరు చేత్తో పట్టుకుని వచ్చారు. ముగ్గురిదీ ఒకటే మాట: "పన్ను సగమే తీశారండీ, వేర్లు లోపలే ఉండిపోయాయి. మీరైనా తీసేయండి." ఆ ముగ్గురికీ ఆపరేషన్ చేసినవాళ్ళు తెలిసే, కావాలనే వేర్లు వదిలారు. కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. ఆ కాగితం ఎవరూ చదవలేదు. ఇంటికెళ్ళాక పక్కింటావిడ, వాట్సాప్ గ్రూపులో మేనమామ, మందుల షాపు కుర్రాడు కలిసి "చేతకాక వదిలేశారు" అని తేల్చేశారు.

కోనసీమలో పదకొండేళ్ళుగా దవడ, పళ్ళ ఆపరేషన్లు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పుకార్లన్నిట్లో మనిషికి శాశ్వతంగా నష్టం చేసేది ఇదొక్కటే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: వేరు ఉండిపోయిందంటే ఆపరేషన్ చెడినట్టే. ఎంత త్వరగా తీయిస్తే అంత మంచిది.

ఈ ఆపరేషన్ పేరు కరోనెక్టమీ. 2020లో ఈ పేరు చెబితే ఒకాయన కుర్చీలోంచి లేచి మాస్కు సర్దుకున్నాడు. ఆ రోగానికీ దీనికీ ఏ సంబంధం లేదు. కరోనా అంటే లాటిన్‌లో కిరీటం. పన్ను పైభాగాన్ని, అంటే కిరీటాన్ని, కోసి తీసేస్తాం కాబట్టి ఆ పేరు. ఫ్రాన్స్ సర్జన్లు 1984లోనే దీని గురించి రాశారు. నిన్నగాక మొన్న మేం కనిపెట్టిన కిటుకేమీ కాదు.

రాజోలు వైపు నుంచి ఒక కొబ్బరి రైతు, ఇంజనీరింగ్ చదివే కూతుర్ని తీసుకొచ్చారు. అమ్మాయికి కింది జ్ఞానదంతం పక్కకి వాలి ఎముకలో ఇరుక్కుపోయింది. నెలకోసారి చిగురు వాచి నోరు తెరుచుకోదు, పరీక్షల టెన్షన్ వేరే. ఓపీజీలో వేరు మీద నల్లటి నీడ, నరం పోయే కాలవ తాలూకు తెల్లగీత అక్కడే తెగినట్టు ఉంది. సీబీసీటీ, అంటే దవడని అన్ని వైపుల నుంచీ చూపించే స్కాన్, తీయిస్తే వేరు ఆ కాలవని ఆనుకునే ఉంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం అందులోంచే పోతుంది.

ఆయనకి ఇలా చెప్పాను: "బాబాయిగారూ, కాలవగట్టు మీద పెద్ద చెట్టుంది. దాన్ని వేర్లతో సహా పెకిలిస్తే గట్టుకి గండి పడుతుంది. కాండం వరకు కోసి, వేర్లు గట్టులోనే వదిలేద్దాం."

ఆయన చాలాసేపు ఆలోచించి అడిగారు: "బానే ఉందండి డాక్టరమ్మగారూ. మరి మొద్దు వదిలేస్తే కుళ్ళదా? మా తోటలో మొద్దు ఉంటే చాలు, కొమ్ముపురుగు దాంట్లోనే గుడ్లు పెడతాది."

ఇంత మంచి ప్రశ్న నన్ను డాక్టర్లు కూడా అడగలేదు. కొబ్బరి మొద్దు కుళ్ళుతుంది, ఎందుకంటే అది చచ్చిపోయింది. పన్ను వేరు చావదు. దాని అడుగున రక్తం వచ్చే దారి అలాగే ఉంటుంది, లోపలి గుజ్జు ప్రాణంతోనే ఉంటుంది. అందుకే దానికి రూట్ కెనాల్ కూడా చేయం. ఎముక అంచుకి సుమారు 3 మిల్లీమీటర్లు కిందకి కోసి, ఎనామిల్ (పన్ను మీద ఉండే గట్టి తెల్లపొర) అనేది పిసరంత కూడా మిగలకుండా తీసి, పైన చిగురు మూసి కుట్టేస్తాం. ఎనామిల్ ముక్క ఉండిపోతేనే పుండు సరిగ్గా మానదు. అంతా సరిగ్గా ఉంటే నెలలు గడిచేకొద్దీ వేరు మీద ఎముక కట్టుకుంటుంది.

ఇక లెక్కలు. 2005లో లండన్ సర్జన్లు ప్రచురించిన అధ్యయనంలో, నరానికి ప్రమాదం ఉందని ఎక్స్‌రేలో తేలిన పళ్ళనే తీసుకున్నారు. పూర్తిగా తీసిన 102 పళ్ళలో 19 చోట్ల నరం దెబ్బతింది. కరోనెక్టమీ సరిగ్గా పూర్తయిన 58 పళ్ళలో ఒక్కచోట కూడా దెబ్బతినలేదు. ఇంకో 36 పళ్ళకి, కోస్తుండగా వేరు కదిలిపోయి మొత్తం తీయాల్సి వచ్చింది, వాటిలో 3 చోట్ల నరానికి దెబ్బ తగిలింది. అందుకే ముందే చెప్పి సంతకం తీసుకుంటాం: "వేరు కదిలితే తీసేయక తప్పదు" అని. అలా కోతలో వదులై కదిలిన వేరుకి రక్తం అందదు, వదిలేస్తే అది నిజంగానే మొద్దు.

నరం దెబ్బతింటే ఏమవుతుందో నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. కువైట్‌లో పని, సెలవు మీద వచ్చాడు. అంతకుముందు సెలవులో ఒక పెద్ద ఊళ్ళో కరోనెక్టమీ చేయించుకున్నాడు, అంతా బాగానే మానింది. రెండు నెలలకి ఇంకో పన్ను కోసం వేరే చోట ఎక్స్‌రే తీస్తే, "వేర్లు ఉండిపోయాయి, తీసేద్దాం" అన్నారు. కువైట్ వెళ్ళేలోపు పని అయిపోవాలని ఇతనూ తొందరపడ్డాడు. తీసేశారు. ఎనిమిది నెలల తర్వాత నా ముందు కూర్చున్నప్పుడు గడ్డం మీద రెండు బ్లేడు గాట్లు ఉన్నాయి. గీసుకుంటుంటే తెగింది కూడా తెలియలేదట. టీ తాగితే పెదవి చివర నుంచి కారేది, తుడుచుకోవాలని ఎవరో చెబితే తప్ప తెలిసేది కాదు. "మా పాప ముద్దుపెడితే కూడా తెలీట్లేదండి" అని తల దించుకున్నాడు. మొదటి నెలల్లో వస్తే ఏదో ఒకటి ప్రయత్నించే వీలుంటుంది. ఎనిమిది నెలలకి నేను చేయగలిగింది చాలా తక్కువ. ఆ వేరు వల్ల అతనికి నొప్పి లేదు, వాపు లేదు, చీము లేదు. ఎక్స్‌రేలో కనిపించింది, అంతే.

కాబట్టి కరోనెక్టమీ అయినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. "నరం దగ్గరగా ఉంది కాబట్టి వేర్లు కావాలనే వదిలాం" అని రాసిన కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ఏ పళ్ళ డాక్టరు ఎక్స్‌రే తీసినా ముందు అది చూపించండి.

అపోహ: వేరు పైకి నడుచుకుంటూ వస్తోంది, అంటే లోపల ఏదో పాడైపోతోంది.

వేరు నడవడం నిజమే. చిన్న వయసువాళ్ళలో ఇంకా ఎక్కువ. మొదటి ఆరు నెలల్లో జోరుగా, ఏడాది దాటాక నెమ్మదిగా, మామూలుగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు కదులుతుంది. అది నరానికి దూరంగా జరుగుతోంది, మనకి కావాల్సిందీ అదే. కొద్దిమందిలో చిగురు దాకా వచ్చి బయటపడుతుంది, లేదా నొప్పి పెడుతుంది. అప్పుడు రెండో ఆపరేషన్ తప్పదు. కానీ అప్పటికి వేరు నరాన్ని వదిలి వచ్చేసి ఉంటుంది కాబట్టి తీయడం చాలా తేలిక. రెండు నెలలకి తొందరపడి తవ్వడానికీ, రెండేళ్ళకి అవసరమై తీయడానికీ తేడా అక్కడుంది.

అందరికీ కరోనెక్టమీ చేయం. పుచ్చు లోపలి గుజ్జు దాకా పోయినా, వేరుకే చీము పట్టినా, ముందే కదులుతున్నా, షుగర్ అదుపులో లేకపోయినా, దవడకి రేడియేషన్ ఇవ్వాల్సి ఉన్నా కుదరదు. వేర్లు నరానికి దూరంగా ఉంటే దీని అవసరమే లేదు, పన్ను మొత్తం తీసేస్తాం.

మిగతావి

పన్ను తీయిస్తే కళ్ళు పోవు. కంటి నరం వేరు, కింది దవడ నరం వేరు. ఇది వందోసారి చెబుతున్నాను.

పప్పు తింటే చీము పట్టదు. మెత్తగా ఉడికిన పప్పన్నం చల్లారాక హాయిగా తినండి. పథ్యం పేరుతో మూడు రోజులు బ్రెడ్డు ముక్కలతో బతికి, నీరసించి వచ్చేవాళ్ళని చూస్తే జాలీ వేస్తుంది, కోపమూ వస్తుంది.

కొబ్బరిబొండాం తాగొచ్చు, కానీ స్ట్రాతో కాదు. చూడ్డానికొచ్చిన చుట్టం ప్రేమగా బొండాం కొట్టించి స్ట్రా పెట్టి ఇస్తాడు. పీల్చినప్పుడు పుండు మీద గడ్డకట్టిన రక్తం ఊడొచ్చే ప్రమాదం ఉంది. గ్లాసులో పోసుకోండి. మొదటి రోజు గట్టిగా ఉమ్మడం, పుక్కిలించడం కూడా వద్దు. ఉప్పునీళ్ళు రెండో రోజు నుంచి. చుట్ట, సిగరెట్టు, ఖైనీ గురించి విడిగా చెప్పక్కర్లేదనుకుంటా.

మొదటి రోజు వేడి కాపడం పెట్టకండి, ఐసు పెట్టండి. పుండులో పసుపు, లవంగ నూనె కుక్కకండి.

సాయంత్రం దాకా పెదవి మొద్దుగా ఉంటే కంగారుపడి ఫోన్ చేసేవాళ్ళు చాలామంది. చేయండి, తప్పేం లేదు. అది మత్తు ఇంజక్షన్ ప్రభావం, కొన్ని గంటల్లో పోతుంది. మర్నాటికి కూడా అలాగే ఉంటే మాత్రం వెంటనే రండి. ఇంకో మాట, ఈ నరం స్పర్శకి సంబంధించింది మాత్రమే. మూతి వంకర పోవడం, పక్షవాతం దీనివల్ల రావు.

వాపు రెండో మూడో రోజుకి పెరిగి, తర్వాత తగ్గుతుంది. నాలుగో రోజు దాటినా పెరుగుతుంటే, జ్వరం ఉంటే, చీము కారితే, మింగడం కష్టమైతే ఆగకండి. ఊపిరి ఆడకపోతే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి పరిగెత్తండి. షాపులో అడిగి యాంటీబయాటిక్ మార్చుకోవడం వైద్యం కాదు.

రాజోలు అమ్మాయి ఏడాదికి మళ్ళీ వచ్చింది, తండ్రితోనే. పాత ఓపీజీ, కొత్త ఓపీజీ పక్కపక్కన పెట్టాను. వేరు దాదాపు 3 మిల్లీమీటర్లు పైకి జరిగింది, కింద కాలవ తెల్లగీత విడిగా, పూర్తిగా కనిపిస్తోంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, రెండింటి మధ్య దూరం వేలితో కొలిచి, కూతురి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

"మొద్దు దానంతటదే నడిచిందాండీ? ఆయ్, మా తోటలోవి కూడా ఇలా నడిస్తే ప్రొక్లెయినర్ ఖర్చు మిగిలేదండి."