147573952589676412927: ఒక పెద్ద సంఖ్య చుట్టూ అపోహలు, వాస్తవాలు

సంఖ్యా సిద్ధాంతం పాఠం మొదలుపెట్టిన రోజున నేను బోర్డు మీద 14,75,73,95,25,89,67,64,12,927 అని రాసి, ఇది ప్రధాన సంఖ్యా కాదా అని అడుగుతాను. 2 యొక్క 67వ ఘాతంలోంచి ఒకటి తీసివేస్తే వచ్చే ఈ 21 అంకెల సంఖ్య గురించి వినిపించే జవాబుల్లో చాలావరకు అపోహలే.

అపోహ: ఇది బేసి సంఖ్య, చివర 5 లేదు, అంకెల మొత్తం 109 కనుక 3తో భాగింపబడదు, కాబట్టి ప్రధాన సంఖ్యే.

వాస్తవం: ఆ పరీక్షలు 2, 3, 5లను తప్పిస్తాయి, అంతే. ఈ సంఖ్య 19,37,07,721, 7,61,83,82,57,287ల లబ్ధం.

అపోహ: ఘాతం 67 ప్రధాన సంఖ్య కనుక ఫలితమూ ప్రధాన సంఖ్యే కావాలి.

వాస్తవం: ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఫలితం తప్పక సంయుక్తమే అవుతుంది గానీ, ఆ మాటను తిరగేసి చెప్పడం కుదరదు. ఘాతం 11 అయినప్పుడు వచ్చే 2047నే చూడండి, అది 23 × 89. ఫ్రెంచ్ గణితవేత్త మెర్సెన్, ఇలా ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాలంటూ 1644లో ప్రకటించిన జాబితాలో 67ను పొరపాటున చేర్చాడు, చేర్చవలసిన 61ను వదిలేశాడు.

అపోహ: కారణాంకాలను చూపించనిదే సంయుక్త సంఖ్య అని నిరూపించలేము.

వాస్తవం: విద్యార్థులు ఒక పట్టాన నమ్మనిది ఇదే. అమెరికా గణితవేత్త కోల్ ఈ కారణాంకాలను బయటపెట్టడానికి 27 ఏళ్ల ముందే, 1876లో, ఫ్రెంచ్ గణితవేత్త ల్యూకాస్ ఈ సంఖ్య ప్రధానం కాదని తేల్చాడు. ఆయన పద్ధతికి తర్వాత మరో గణితవేత్త లేమర్ ఇచ్చిన సులభ రూపం ఇది: 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి, ఘాతం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా మిగిలితేనే అది ప్రధాన సంఖ్య. ఘాతం 5కు వచ్చే 31 విషయంలో 4, 14, 8, 0 అని మూడు మెట్లలోనే సున్నా వస్తుంది. 2047కు తొమ్మిదో మెట్టులో 1736 మిగులుతుంది. అది సంయుక్తమని తేలిపోయింది, 23, 89ల ఊసే రాలేదు. 2024లో ప్రకటించిన, ఇదే రూపంలోని, 4,10,24,320 అంకెలున్న ప్రధాన సంఖ్యను నిర్ధారించడంలోనూ ఈ పరీక్షనే వాడారు.

అపోహ: ఈ కారణాంకాల కోసం కోల్ ఆదివారాలన్నీ 3, 5, 7 అంటూ వరుసగా భాగిస్తూ కూర్చున్నాడు.

వాస్తవం: 1903 అక్టోబరులో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశంలో ఆయన నోరు మెదపకుండా ఆ రెండు కారణాంకాల గుణకారం చేసి చూపాడన్న కథ వల్ల (కథగా బాగుంటుంది, కాదనను) అసలు పద్ధతి మరుగున పడింది. ఈ సంఖ్యకు ఉండే ఏ ప్రధాన కారణాంకమైనా 134తో భాగిస్తే శేషం 1 రావాలి. కోల్ దానికి తోడు వర్గ శేషాలతో (వర్గ సంఖ్యలను భాగిస్తే మిగలగల శేషాలతో) ఇంకా చాలా సంఖ్యలను ముందే వడగట్టాడు. మొదటి కారణాంకంలోంచి 1 తీసివేసి 134తో భాగించి చూడండి, శేషం లేకుండా 14,45,580 వస్తుంది.