ఇంటర్వ్యూ రోజు టై: ఆ నియమం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో క్యాంపస్ ఇంటర్వ్యూలకి ముందు రోజు రాత్రి, మా హాస్టల్ వింగ్‌లో టై కట్టడం వచ్చినవాడు ఒక్కడే. వాడే వరసగా పదకొండు మందికి కట్టాడు. కట్టిన ముడి విప్పొద్దని మరీ మరీ చెప్పాడు. ముడిని కిందికి జార్చి వదులు చేసి, తల మీదుగా తీసి మేకుకి తగిలించుకోవాలి. పొద్దున్నే మళ్ళీ తల దూర్చి బిగించుకోవాలి. ఒకడు వాళ్ళ నాన్న బూట్లలో న్యూస్‌పేపర్ కుక్కి వేసుకున్నాడు. లెక్కలు చేసేటప్పుడు వాడికి ఏనాడూ టెన్షన్ ఉండేది కాదు. ఆ రోజు మాత్రం వాడి చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికే పోయింది. నోటీసు బోర్డు మీద ఉన్నవి రెండే మాటలు: ఫార్మల్స్ తప్పనిసరి.

ఫార్మల్స్ అంటే ఏమిటో విడమరిచి ఎవరూ రాయరు. అయినా బ్యాంకుల్లో, లా ఫర్ముల్లో, పెద్ద హోటళ్ళలో తరాలుగా నడుస్తున్న లెక్క ఒకటుంది. ముదురు నీలం గానీ ముదురు బూడిద రంగు గానీ సూటు. తెల్ల చొక్కా, లేదంటే లేత నీలం. మెరుపు లేని టై, దాని కొస బెల్టు బకిల్ దగ్గర ఆగాలి. లేసులున్న నల్ల తోలు బూట్లు, అదే రంగు బెల్టు. కూర్చున్నప్పుడు పిక్క బయటపడనంత పొడుగు సాక్సులు. కోటుకి కింది గుండీ పెట్టుకోకూడదు. ఇవన్నీ తెలిసిన ఇంట్లో పుట్టినవాడికి ఇదొక విషయమే కాదు. తెలియనివాడికి అది చెప్పకుండా పెట్టే పరీక్ష. అందుకే ఈ నియమం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించింది.

కథ లండన్‌లో మొదలవుతుంది. 1665లో ప్లేగు, 1666 సెప్టెంబరులో ఊరిని కాల్చేసిన అగ్నిప్రమాదం. ఆ అక్టోబరులోనే రాజు రెండో చార్లెస్ ఇకపై తాను 'వెస్ట్' (కోటు లోపల వేసుకునే పొడుగు అంగీ) అనే కొత్త రకం దుస్తులు వేసుకుంటానని, ఆ పద్ధతి ఎన్నటికీ మార్చనని సభలో ప్రకటించాడు. శామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి ఆ సంగతి తన డైరీలో రాసుకున్నాడు. పైన కోటు, లోపల వెయిస్ట్‌కోటు అనే జోడీకి పునాది అక్కడే పడింది. మెడకి కట్టే గుడ్డ మాత్రం సైనికులది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన క్రొయేషియా సైనికులు మెడకి గుడ్డ కట్టుకునేవాళ్ళు. వాళ్ళ జాతి పేరే మారి 'క్రవాట్' అయింది. నేటి టైకి అదే పూర్వరూపం.

అప్పటికీ గొప్పింటి మగవాళ్ళంటే పట్టు, జరీ, పౌడరు పూసిన విగ్గులే. వాటిని పక్కకి నెట్టినవాడిగా అందరూ చెప్పుకునే పేరు బో బ్రమ్మెల్. 1778లో పుట్టాడు, రాచకుటుంబం కాదు, తండ్రి ఒక ప్రధానమంత్రికి కార్యదర్శి. ముదురు నీలం ఉన్ని కోటు, లేత రంగు ప్యాంటు, గంజి పెట్టిన తెల్ల మెడగుడ్డ, రోజూ స్నానం, రోజూ ఉతికిన చొక్కా. ఆయన చేసింది అంతే. కానీ దాంతో గొప్పతనం గుడ్డ ఖరీదు నుంచి కుట్టు తీరుకీ, శుభ్రతకీ మారిపోయింది. పట్టు కొనలేనివాడికి కూడా శుభ్రంగా ఉండడం చేతనవుతుంది కదా అనిపిస్తుంది, నిజానికి అదీ చవక కాదు. రోజూ చొక్కాలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయడానికి ఇంట్లో మనుషులుండాలి. బ్రమ్మెల్ చివరికి అప్పుల పాలై 1816లో ఫ్రాన్స్‌కి పారిపోయాడు, 1840లో అక్కడే పోయాడు. ఆయన నీలం కోటు, తెల్ల చొక్కా మాత్రం ఇంకా ఇంటర్వ్యూ గదుల్లో కూర్చునే ఉన్నాయి.

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఇంకొకటి. ఈరోజు మనం పద్ధతైన బట్టలు అనుకునే సూటు, పుట్టినప్పుడు అంత పద్ధతైనది కాదు. 19వ శతాబ్దంలో ఆఫీసుకీ, పార్లమెంటుకీ వేసుకునేది మోకాళ్ళ దాకా వచ్చే ఫ్రాక్ కోటు. నడుము కిందికి ఆగిపోయే పొట్టి కోటు ఇంట్లో తీరిగ్గా కూర్చోవడానికి, పల్లెటూళ్ళో తిరగడానికి వాడేవాళ్ళు. దాని పేరే లౌంజ్ సూట్. మెల్లగా గుమాస్తాలు దాన్ని పనికి వేసుకోవడం మొదలుపెట్టారు, తర్వాత యజమానులూ వేసుకున్నారు. 1936లో బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ రాజదర్బారులో కూడా ఫ్రాక్ కోటు అక్కర్లేదన్నాడు. తాతల కాలపు టీషర్టు లాంటిదే మనకి పెద్దరికపు గుర్తయింది.

దాన్ని ఆఫీసు యూనిఫామ్‌గా బిగించింది అమెరికన్ కంపెనీలు. అందులో కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం పేరు ముందు చెప్పాలి. దాన్ని పెంచి పెద్ద చేసిన థామస్ వాట్సన్ కాలం నుంచి వాళ్ళ సేల్స్ మనుషులంటే ముదురు సూటు, తెల్ల చొక్కా. కస్టమర్ ఎలా ఉంటాడో మనమూ అలాగే ఉండాలన్నది అక్కడి లెక్క. ఆ పద్ధతిని 1995లో అప్పటి ఐబీఎం అధిపతి లూ గెర్స్ట్‌నర్ సడలించాడు. కస్టమర్లే సూట్లు మానేశారని ఆయన చెప్పిన కారణం.

మన దగ్గరికి కోటు బ్రిటిష్ కచేరీల ద్వారా వచ్చింది, కానీ ఒంటరిగా రాలేదు. పాత ఫోటోలు చూడండి: తెలుగు ప్లీడర్లు, పంతుళ్ళు పైన కోటు, తల మీద తలపాగా, కింద పంచె. హైదరాబాదులో అయితే షేర్వాణీ, రూమీ టోపీ. నిజాం దర్బారుకి వెళ్ళాలంటే తలకి దస్తార్ అనే పాగా, నడుముకి బగ్లూస్ అనే పట్టీ ఉండాల్సిందే. అంటే మనకీ పద్ధతైన వేషం ఉండేది, దానికీ నియమాలుండేవి. 1921లో మధురైలో గాంధీ కొల్లాయి కట్టారు. పదేళ్ళకి 1931లో అదే బట్టలో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజుతో టీ తాగారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ తలపాగా, పొడుగు కోటు, పంచెతోనే రాష్ట్రపతి అయ్యారు. తర్వాత వచ్చిన సఫారీ సూటు ఆఫీసర్లలో ఒక తరం నడిచింది. టై అక్కర్లేదు, కోటులా ఉక్కపొయ్యదు. నాకైతే అది మన ఎండకి నిజాయితీగా దొరికిన జవాబు అనిపిస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. లాయర్ల వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో మగ లాయర్లకి నల్ల కోటుతో పాటు నల్ల షేర్వాణీ, అలాంటిదే అయిన పొడుగు కోటు అచ్కన్ కూడా చెల్లుతాయి. కింద ప్యాంటే ఉండాలని లేదు, ధోతీ అని స్పష్టంగా రాసి ఉంది. జీన్స్ మాత్రం కుదరదు. ఎండాకాలంలో సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో నల్ల కోటు తప్పనిసరి కాదు. కాగితం మీద ఇంత చోటుంది. అయినా 2014 జులైలో చెన్నైలో పంచె కట్టుకొచ్చిన మద్రాసు హైకోర్టు జడ్జి హరిపరంధామన్‌ని ఒక క్రికెట్ క్లబ్బు గుమ్మంలోనే ఆపేసింది. అదే ఏడాది తమిళనాడు శాసనసభ పంచె కట్టుకున్నవాళ్ళని ఆపకూడదని చట్టం చేసింది. ఆపితే క్లబ్బు లైసెన్సు పోతుంది. స్వాతంత్ర్యం వచ్చి 67 ఏళ్ళకి ఆ చట్టం అవసరమైందన్నది నాకు మింగుడుపడని విషయం.

సడలింపులు మిగతా చోట్లా వచ్చాయి. జపాన్ 2005లో 'కూల్ బిజ్' అని మొదలుపెట్టి ఎండాకాలం టై, కోటు వదిలేయమంది, ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టమంది. కరెంటు ఆదా కోసం బంగ్లాదేశ్ 2009లో ప్రభుత్వ ఉద్యోగులకి అలాంటి ఆదేశమే ఇచ్చింది. ఉన్ని కోటు వేసుకున్న మనిషి కోసం గదిని చల్లబరచాలంటే ఎంత ఖర్చవుతుందో ఆ రెండు దేశాలూ లెక్క చూసుకున్నాయి. ఇన్ఫోసిస్ 2015లో ఫార్మల్స్ నియమం తీసేసింది. గోల్డ్‌మన్ శాక్స్ అంతటి బ్యాంకు 2019లో సూటు విషయం ఉద్యోగుల విచక్షణకి వదిలింది.

నోటీసు పెట్టే కాలేజీల వాళ్ళని, హెచ్ఆర్ వాళ్ళని నేను అడిగేది ఒక్కటే: ఫార్మల్స్ అని వదిలేయకుండా, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, ప్యాంటు, బూట్లు చాలు, టై అక్కర్లేదు అని ఒక లైను రాయండి. కావాలంటే కావాలనే రాయండి. ఆ ఏడాది మా పదకొండు మందిలో నలుగురికి ఉద్యోగాలొచ్చాయి, బూట్లలో పేపర్ కుక్కుకున్నవాడికి కూడా. చేరిన మొదటి రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. ఆ ఆఫీసు మొత్తంలో టై కట్టుకున్నది తనొక్కడేనట.